గురువారం సాయంత్రం ఆరు దాకా

లెస్టర్‌లో మా వంటింటి బల్ల మీద
పప్పు చల్లారుతుండగా
స్కెగ్‌నెస్‌లో ఒక గది బుక్ చేశాను.
రెండో అంతస్తు, సముద్రం వైపు కిటికీ,
కెటిల్ ఉంది, లిఫ్టు లేదు.
శనివారం ఒక్క రాత్రికి డెబ్భై ఎనిమిది పౌన్లు.
గురువారం సాయంత్రం ఆరు దాకా
ఎప్పుడు వద్దనుకున్నా మొత్తం వాపసు.
ఆ తర్వాత సగం.
శనివారం తెల్లారితే అదీ లేదు.

పక్క సందులో ఇలాంటి గదే యాభై తొమ్మిదికి వస్తుంది,
రద్దు మాత్రం కుదరదట.
ఎక్కువిచ్చిన ఆ పంతొమ్మిది పౌన్లూ
నేను గదికి కట్టలేదు,
గోడమీద పిల్లిలా కూర్చునే హక్కుకి కట్టాను.

మా ఆయన పేరు పానకాలరావు.
మంగళగిరి కొండెక్కి మొక్కుకుంటే పుట్టాడట.
ఎన్ని బిందెలు పోసినా సగమే తాగి
మిగతా సగం పోసినవాళ్ళకే వదిలేసే స్వామి పేరు పెట్టుకుని
రోజుకి మూడు గ్లాసులు దాటకూడని మనిషయ్యాడు.
మజ్జిగపులుసూ లెక్కలోకే వస్తుంది,
పుచ్చకాయ ముక్క కూడా.
సోమ, బుధ, శుక్రవారాలు మెషీన్‌కి.
మిగిలిన రోజులు ఫోన్‌కి.

మోగితే రెండు గంటల్లో ఆస్పత్రిలో ఉండాలి.
మూడేళ్ళ రెండు నెలలుగా
ఎక్కడికెళ్ళినా ముందు సిగ్నల్ చూస్తాం,
తర్వాతే కొండా, కోటా.

ఏప్రిల్లో ఒకసారి మోగింది.
మంగళవారం రాత్రి, రెండు దాటాక.
ఆస్పత్రి కార్ పార్కులో చలికి వణుకుతూ
బొటనవేలితో గది రద్దు చేశాను.
"రద్దుకి కారణం?" అని అడిగింది తెర.
ప్రయాణం మారింది. ఇంతకంటే చవగ్గా దొరికింది. అనారోగ్యం.
ఆరోగ్యం అనే గడి లేదు.
నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను.
సెక్యూరిటీ అతను తిరిగి చూశాడు.

తెల్లారాక డాక్టరమ్మ వచ్చి
ఆ కిడ్నీ పనికిరాదని చెప్పింది, మెల్లగా,
మా మంచానికి ఆ చివర కూర్చుని.
ఆ రాత్రి ఏ ఇంట్లో ఏ మంచం ఖాళీ అయిందో
మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.
దారిలో పాలు కొనుక్కుని ఇంటికొచ్చాం.
గది డబ్బు అయిదు పనిదినాల్లో వెనక్కొచ్చింది.

మళ్ళీ బుక్ చేశాను. ఎనభై ఆరయింది.
ఇంటావిడ డోరీన్ రాసింది:
"మళ్ళీ మీరేనా! కిటికీ తుడిపించి ఉంచుతాను."

ఈ గురువారం, ఆరుకి పది నిమిషాలు.
ఆయన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు.
ఫోన్ మా ఇద్దరి మధ్యా, ముఖం పైకి పెట్టి.
మైక్రోవేవ్ గడియారంలో ఆరు పడింది.
ఆరూ ఒకటి పడింది.
"ఇక సగమేనా?" అన్నాడు.
"స్వామి వాటా తీసేసి" అన్నాను.

స్కెగ్‌నెస్‌లో ఆటు.
నీళ్ళు చూడాలంటే తడి ఇసకలో చాలా దూరం నడవాలి.
గాలికి ఆయన చేతి కట్టు అంచు లేచి కొట్టుకుంటోంది.
వెళ్ళి నిలబడ్డాడు, బూట్లు తడిసేదాకా.
సాయంత్రం గదిలో బుగ్గన ఒక ఐసు ముక్క పెట్టుకుని
కిటికీ దగ్గర కూర్చున్నాడు.
పోటు మెల్లగా గోడ దాకా వచ్చింది.
"ఇన్ని నీళ్ళా" అన్నాడు, ఐసు కరిగాక.
ఫోన్ కిటికీ అరుగు మీదే ఉంది. రెండు గీతలు.

పొద్దున బిల్లు ఇస్తూ డోరీన్ అడిగింది,
మళ్ళీ ఎప్పుడొస్తారని.
"బుక్ చేస్తాం" అన్నాడాయన,
"మేం రాకూడదని మొక్కుకోండి."
ఆవిడకేం అర్థమైందో,
తన పుస్తకం తీసి, ఆగస్టు పేజీలో,
మా పేరు పెన్సిల్‌తో రాసుకుంది.